ఇన్‌స్టంట్ మెసేజింగ్ గేట్‌వేలు

ఒక చాట్ నెట్‌వర్కులో ఖాతా ఉన్నవారు తమ క్లయింటును వదలకుండానే మరో నెట్‌వర్కులోని వారితో సందేశాలు పంపుకోవడానికి వీలు కల్పించే సాఫ్ట్‌వేరును గేట్‌వే అంటారు. జాబర్ (తర్వాతి పేరు ఎక్స్‌ఎంపీపీ) వాడుకలో దీన్ని ట్రాన్స్‌పోర్ట్ అనీ, మేట్రిక్స్ వాడుకలో బ్రిడ్జి అనీ పిలుస్తారు. గేట్‌వే లేకుండా క్లయింటే నాలుగైదు నెట్‌వర్కుల ప్రోటోకాళ్లను తనలో ఇముడ్చుకుంటే అది బహుళ నెట్‌వర్క్ క్లయింటు అవుతుంది. రెండూ తీర్చే అవసరం ఒకటే కాబట్టి ఇక్కడ కలిపి వివరిస్తున్నాం.

నిర్వచనం, పరిధి

ఏ కంపెనీ సిమ్ నుంచైనా ఏ కంపెనీ నంబరుకైనా ఫోను కలుస్తుంది. ఒక సంస్థ ఇచ్చిన ఈమెయిల్ చిరునామా నుంచి మరో సంస్థ చిరునామాకు ఉత్తరం వెళ్తుంది. చాట్ మాత్రం మొదటి నుంచీ ఎవరి సర్వర్లు వారివే, ఎవరి ప్రోటోకాల్ వారిదే అన్న తీరులో పెరిగింది. రెండు నెట్‌వర్కుల సర్వర్లు పరస్పర అంగీకారంతో, ఉమ్మడి ప్రోటోకాల్‌లో నేరుగా మాట్లాడుకుంటే దాన్ని ఫెడరేషన్ అంటారు. గేట్‌వేకు అటువంటి అంగీకారం అవసరం లేదు. అవతలి సర్వరు దృష్టిలో గేట్‌వే కూడా ఒక మామూలు వినియోగదారుడే. గేట్‌వేను వాడుకునే వ్యక్తి ఖాతాతో లాగిన్ అయి, వచ్చిన సందేశాలను ఇవతలి ప్రోటోకాల్‌లోకి మార్చి అందిస్తుంది. గేట్‌వేల చరిత్రలో కనిపించే తగాదాలన్నిటికీ మూలం ఈ తేడాయే.

చరిత్ర: 1996–2006

ఇజ్రాయెల్‌కు చెందిన మిరాబిలిస్ సంస్థ 1996 నవంబరులో ఐసీక్యూను విడుదల చేసింది. ప్రతి సభ్యుడికీ పేరుకు బదులు ఒక సంఖ్య ఉండేది. 1997 మేలో అమెరికా ఆన్‌లైన్ (ఏఓఎల్) సంస్థ ఏఐఎం పేరుతో తన మెసెంజరును అందరికీ తెరిచింది. మరుసటి ఏడు మిరాబిలిస్‌నే కొనేసింది. 1998 మార్చిలో యాహూ పేజర్ వచ్చి, తర్వాత యాహూ మెసెంజర్‌గా పేరు మార్చుకుంది. 1999 జులై 22న మైక్రోసాఫ్ట్ ఎంఎస్ఎన్ మెసెంజర్ విడుదలైంది.

ఈ చివరిది ఒక ప్రత్యేకతతో వచ్చింది. ఏఐఎం పేరు, పాస్‌వర్డు ఇస్తే ఎంఎస్ఎన్ క్లయింటే ఏఓఎల్ సర్వర్లలోకి లాగిన్ అయ్యేది. ఏఓఎల్ వెంటనే అడ్డుకుంది. మైక్రోసాఫ్ట్ క్లయింటును సవరించి మళ్లీ వదిలింది, ఏఓఎల్ మళ్లీ అడ్డుకుంది. కొన్ని వారాలు ఇదే తంతు. చివరకు ఏఓఎల్ ఒక వింత ఉపాయం పన్నింది. ఆ సంస్థ సొంత క్లయింటులో బఫర్ ఓవర్‌ఫ్లో అనే లోపం ఒకటి ఉంది: లెక్కకు మించిన పొడవున్న ప్యాకెట్ వస్తే, అందులో దాగిన కోడును క్లయింటు నడిపించేస్తుంది. సర్వరు కావాలనే అలాంటి ప్యాకెట్ పంపి, దానికి సరైన జవాబు వచ్చిందో లేదో చూసేది. అసలు క్లయింటులో లోపం ఉంది కాబట్టి జవాబిచ్చేది. మైక్రోసాఫ్ట్ క్లయింటులో ఆ లోపం లేదు కాబట్టి దొరికిపోయేది. ఈ పోరులో లోపం లేకపోవడమే తప్పయింది. 1999 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఆ సదుపాయాన్ని ఉపసంహరించుకుంది.

పెద్ద కంపెనీలు ఇలా తలపడుతుండగా చిన్నవాళ్లు పక్కదారిన వెళ్లారు. మార్క్ స్పెన్సర్ (తర్వాత ఆస్టరిస్క్ టెలిఫోన్ సాఫ్ట్‌వేరుతో పేరు తెచ్చుకున్నది ఈయనే) 1998లో లినక్స్ కోసం గెయిమ్ అనే క్లయింటు రాశాడు. మొదట ఏఐఎంకే పరిమితమైన ఈ క్లయింటు ప్లగిన్ల ద్వారా యాహూ, ఎంఎస్ఎన్, ఐసీక్యూలకు విస్తరించింది. పేరులో ఏఐఎం వినిపిస్తోందని ఏఓఎల్ అభ్యంతరం చెప్పడంతో, ఒప్పందం కుదిరాక 2007లో పిడ్జిన్‌గా మారింది. దాని లోపలి ప్రోటోకాల్ భాగాన్ని లిబ్‌పర్పుల్ పేరుతో విడదీశారు. మ్యాక్ కంప్యూటర్లలో అడియం, టెర్మినల్‌లో ఫించ్ దాని మీదే నడిచాయి. విండోస్‌లో సెరూలియన్ స్టూడియోస్ వారి ట్రిలియన్ 2000లో వచ్చింది. 2002లో ఏఓఎల్ దాన్ని కూడా పలుమార్లు అడ్డుకుంది, ట్రిలియన్ ప్రతిసారీ కొత్త సవరణతో తిరిగి వచ్చింది.

మూడో దారి జెరెమీ మిల్లర్‌ది. 1999 జనవరిలో ప్రకటించిన జాబర్‌లో గేట్‌వే అనేది తర్వాత అతికించినది కాదు, మొదటి నమూనాలోనే ఉంది. కష్టమంతా సర్వరు మీద పెట్టి, క్లయింటును వీలైనంత తేలికగా ఉంచాలన్నది ఆ నమూనా సూత్రం. 2004 అక్టోబరులో ఈ ప్రోటోకాల్‌ను ఇంటర్నెట్ ఇంజినీరింగ్ టాస్క్‌ఫోర్స్ ఎక్స్‌ఎంపీపీ పేరుతో ఆర్ఎఫ్‌సీ 3920, 3921లుగా ప్రచురించింది. 2005 ఆగస్టులో మొదలైన గూగుల్ టాక్ దీన్నే వాడింది. 2006 జనవరిలో ఇతర ఎక్స్‌ఎంపీపీ సర్వర్లతో ఫెడరేషన్‌కూ తలుపు తెరిచింది. అదే ఏడాది జులైలో యాహూ, మైక్రోసాఫ్ట్ తమ మెసెంజర్లను ఒకదానితో ఒకటి కలిపాయి.

రకాలు

మార్పిడి ఎక్కడ జరుగుతుందన్నదాన్ని బట్టి గేట్‌వేలను వర్గీకరించడం సులువు. పాస్‌వర్డు ఎవరి చేతిలో ఉంటుంది, ప్రోటోకాల్ మారినప్పుడు ఎవరు సరిచేయాలి అనే రెండు ప్రశ్నలకూ జవాబు దానితోనే తేలుతుంది.

మార్పిడి వినియోగదారుడి యంత్రంలోనే జరిగేవి పిడ్జిన్, ట్రిలియన్, మిరాండా, కోపెట్ వంటి క్లయింట్లు. పాస్‌వర్డు గడప దాటదు. కానీ యాహూ తన ప్రోటోకాల్ మార్చిన రోజున ప్రతి ఒక్కరూ కొత్త వెర్షన్ దించుకోవాల్సి వచ్చేది.

మార్పిడి సర్వరులో జరిగేవి జాబర్ ట్రాన్స్‌పోర్టులు. సర్వరు నిర్వాహకుడు ఒక్కచోట సరిచేస్తే చాలు, వినియోగదారులకు తెలియను కూడా తెలియదు. మీబో (2005) వంటి వెబ్ సేవలు, ఈబడ్డీ, నింబజ్ వంటి మొబైల్ సేవలు కూడా లోపల ఈ తరహావే.

బిట్ల్‌బీ ఒక విచిత్రమైన నమూనా. ఇది ఐఆర్‌సీ సర్వరులా నటిస్తుంది. 1988లో ఫిన్లండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికరినెన్ రాసిన ఐఆర్‌సీ చాట్‌కు అలవాటు పడ్డవారు తమ పాత క్లయింటుతోనే దీనికి కనెక్ట్ అయితే ఒక ఛానెల్ తెరుచుకుంటుంది. అందులో ‘రూట్’ అనే సభ్యుడు ఉంటాడు. మనిషి కాదు, ప్రోగ్రామే. జాబర్ ఖాతా చేర్చమని అతనికి ఆదేశం టైపు చేస్తే, ఆ ఖాతాలోని స్నేహితులంతా ఛానెల్ సభ్యులుగా ప్రత్యక్షమవుతారు. ఎవరైనా ఆఫ్‌లైన్ అయితే ఛానెల్ వదిలి వెళ్లినట్టు కనిపిస్తుంది.

పనితీరు: జాబర్ ట్రాన్స్‌పోర్ట్

సై వంటి జాబర్ క్లయింటులో సర్వీస్ డిస్కవరీ అనే కిటికీ ఉంటుంది. అది తెరిస్తే సర్వరులో దొరికే సేవలు కనిపిస్తాయి. ఐసీక్యూ ఉన్న రోజుల్లో అందులో ఐసీక్యూ ట్రాన్స్‌పోర్టును ఎంచుకుని రిజిస్టర్ నొక్కితే ఒక ఫారం వచ్చేది. ఐసీక్యూ సంఖ్య, పాస్‌వర్డు ఇవ్వాల్సి వచ్చేది. ఆ తర్వాత ట్రాన్స్‌పోర్ట్ కూడా ఒక స్నేహితుడి మాదిరే కాంటాక్టుల జాబితాలో చేరేది. మొదటిసారి లాగిన్ అయినప్పుడు పాత ఐసీక్యూ స్నేహితుల పేరిట ఒక్కొక్కరికీ ఒక్కో అనుమతి అభ్యర్థన వచ్చేది. జాబితా పెద్దదైతే తెర నిండా కిటికీలే.

చిరునామా మార్పిడికి ఒక పద్ధతి ఉంది. రవి@హాట్‌మెయిల్.కామ్ అనే ఎంఎస్ఎన్ స్నేహితుడు, ఎంఎస్ఎన్.ఉదాహరణ.ఆర్గ్ అనే ట్రాన్స్‌పోర్ట్ ద్వారా చూస్తే, రవి%హాట్‌మెయిల్.కామ్@ఎంఎస్ఎన్.ఉదాహరణ.ఆర్గ్ అయ్యేవాడు. ఒక చిరునామాలో @ గుర్తు రెండుసార్లు రాకూడదు కాబట్టి మొదటిదాని స్థానంలో % పెడతారు. ఈ చిరునామాకు సందేశం రాస్తే జాబర్ సర్వరు దాన్ని తనకు అనుబంధంగా ఉన్న ట్రాన్స్‌పోర్ట్ ప్రోగ్రాముకు పంపేది. అది ఎంఎస్ఎన్ ప్రోటోకాల్‌లోకి మార్చి అసలు సర్వరుకు చేరవేసేది. ఇప్పటికీ వాడుకలో ఉన్న స్పెక్ట్రమ్ 2 లిబ్‌పర్పుల్‌ను ఇలా సర్వరులో కూర్చోబెట్టినదే. ఇదే పని చేసే స్లిడ్జ్ పైథాన్‌లో కొత్తగా రాసినది.

మార్పిడిలో కొంత పోతుంది. ఎంఎస్ఎన్‌లో ‘భోజనానికి వెళ్లాను’, ‘ఫోనులో ఉన్నాను’, ‘ఇప్పుడే వస్తాను’ అని వేర్వేరు స్టేటస్‌లు ఉండేవి. ఎక్స్‌ఎంపీపీ స్టేటస్ రకాలలో అంత వివరం లేదు; దాదాపు అన్నీ ఒకే ‘అవే’ కింద చేరిపోయేవి. యాహూలో అవతలివారి కిటికీని కుదిపేసే బజ్, ఎంఎస్ఎన్‌లోని నడ్జ్ వంటివి చాలా గేట్‌వేలలో అసలు దాటేవి కావు, లేదా ఒక పొడి వాక్యంగా దిగేవి. ఫైళ్లు, వీడియో కాల్స్ సంగతి ఇంకా కష్టం. గేట్‌వే పదిలంగా దాటించేది చివరికి మామూలు పాఠ్యమే.

తెలుగు లిపి, సందేశ పరిమితులు

మామూలు పాఠ్యం కూడా ఏ లిపిదైనా ఒకేలా దాటదు. ఏఐఎం, ఐసీక్యూలు వాడిన ఆస్కార్ ప్రోటోకాల్‌లో ప్రతి సందేశానికీ ఎన్‌కోడింగ్ విడిగా ప్రకటించాల్సి వచ్చేది. గేట్‌వే లాటిన్ ఎన్‌కోడింగ్ అనుకుని పంపితే తెలుగు అక్షరాల చోట వరుసగా ప్రశ్నార్థకాలు వచ్చేవి.

ఐఆర్‌సీలో చిక్కు పొడవుతో. ఒక వరుస మొత్తం 512 బైట్లకు మించకూడదు. ఆదేశం, ఛానెల్ పేరు, పంపినవారి గుర్తింపు కూడా అందులోనే. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింటు ఒక్కోదానికి 3 బైట్లు పడుతుంది. ‘క్షేమం’ అన్న మాటలో కంటికి కనిపించేవి రెండు అక్షరాలు, లోపల కోడ్ పాయింట్లు 6, బైట్లు 18. అదే మాట రోమన్ లిపిలో 7 బైట్లతో సరిపోతుంది. కాబట్టి మేట్రిక్స్ నుంచి ఐఆర్‌సీకి దాటే తెలుగు పేరా ఇంగ్లీషు పేరా కన్నా చాలా ముందే తెగుతుంది. గేట్‌వే గుడ్డిగా బైట్లు లెక్కపెట్టి కోస్తే క-షల మధ్య కత్తి పడి, ఒక వరుస చివర పొల్లు, మరో వరుస మొదట ‘షే’ మిగులుతాయి. ఎస్ఎంఎస్ గేట్‌వేలలోనూ ఇంతే: ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 కోడ్ పాయింట్లే పడతాయి.

మేట్రిక్స్ బ్రిడ్జిలు

2014లో మొదలైన మేట్రిక్స్ ప్రోటోకాల్ గేట్‌వేల ఆలోచనను కొత్త తరానికి తెచ్చింది. అప్పటికి పాత నెట్‌వర్కులు వెళ్లిపోతున్నాయి: మైక్రోసాఫ్ట్ మెసెంజర్ చాలా దేశాల్లో 2013లో, ఏఐఎం 2017 డిసెంబరు 15న, యాహూ మెసెంజర్ 2018 జులై 17న మూతపడ్డాయి. ఐసీక్యూ 2024 జూన్ 26 దాకా లాక్కొచ్చింది. వాటి స్థానంలో వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్, డిస్కార్డ్, స్లాక్ వచ్చాయి.

మేట్రిక్స్ బ్రిడ్జిలలో సాధారణమైనది రిలే బాట్. ఐఆర్‌సీ ఛానెల్‌లో ఒకే ఒక్క బాట్ ఖాతా ఉండి, మేట్రిక్స్ వైపు ఎవరు మాట్లాడినా వారి పేరు ముందు చేర్చి తానే చెబుతుంది. దీనికన్నా మెరుగైనది పపెట్ బ్రిడ్జి. అవతలి వైపున్న ప్రతి మనిషికీ మేట్రిక్స్‌లో ఒక నీడ ఖాతాను సృష్టిస్తుంది. వినియోగదారుడి సొంత ఖాతాతోనే అవతల మాట్లాడుతుంది. తన ఫోనులోని వాట్సాప్ నుంచి నేరుగా పంపినవి కూడా మేట్రిక్స్‌లో తన పేరుమీదే కనిపించేలా చేయడం డబుల్ పపెటింగ్.

మావ్‌ట్రిక్స్ కుటుంబానికి చెందిన వాట్సాప్ బ్రిడ్జిలో లాగిన్ ఇలా ఉంటుంది: బ్రిడ్జి బాట్‌తో సంభాషణ తెరిచి లాగిన్ అని రాస్తే క్యూఆర్ కోడ్ వస్తుంది. ఫోనులోని వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి దాన్ని స్కాన్ చేయాలి. వాట్సాప్ దృష్టిలో ఇది వెబ్ బ్రౌజరు లాంటి మరో అనుబంధ పరికరం. ప్రతి సంభాషణకూ మేట్రిక్స్‌లో ఒక గది పుడుతుంది. అసలు ఫోను రెండు వారాలు నెట్‌కు దూరంగా ఉంటే మాత్రం బంధం తెగిపోతుంది.

ఈ బ్రిడ్జిలనే సేవగా మలచినది బీపర్. పెబుల్ వాచీల రూపకర్త ఎరిక్ మిగికోవ్‌స్కీ తదితరులు దీన్ని 2021 జనవరిలో ప్రకటించారు. 2023 డిసెంబరు 5న బీపర్ మినీ పేరుతో ఆండ్రాయిడ్ ఫోన్ల నుంచి ఐమెసేజ్‌కు దారి తెరిస్తే ఆపిల్ మూడు రోజుల్లోనే మూసేసింది. 1999 నాటి తంతే మళ్లీ. 2024 ఏప్రిల్‌లో వర్డ్‌ప్రెస్.కామ్ యజమాని ఆటోమాటిక్ సంస్థ బీపర్‌ను కొనుగోలు చేసింది.

భద్రత, గోప్యత

పాత కాలంలో ప్రశ్న పాస్‌వర్డు గురించే. ఊరూపేరూ తెలియని నిర్వాహకుడి జాబర్ సర్వరులో యాహూ పాస్‌వర్డు దాచుకోవడమంటే ఈమెయిల్ తాళం కూడా అతనికి ఇచ్చినట్టే, ఎందుకంటే రెంటికీ ఒకటే ఖాతా. సొంత యంత్రంలో నడిచే పిడ్జిన్ విషయంలోనూ విమర్శ ఉంది: ఖాతాల ఫైలులో పాస్‌వర్డులను ఏ మరుగూ లేకుండా రాస్తుంది. తాళం, తాళంచెవి ఒకే చోట పెడితే రక్షణ ఉన్నట్టు భ్రమ తప్ప ప్రయోజనం లేదని తయారీదారుల సమాధానం. సాంకేతికంగా ఆ వాదన సరైనదే, చూసేవారికి మింగుడు పడదు గానీ.

2004లో వచ్చిన ఆఫ్-ది-రికార్డ్ (ఓటీఆర్) పద్ధతి ఒక తెలివైన పరిష్కారం. సందేశాన్ని క్లయింటులోనే ఎన్‌క్రిప్ట్ చేసి, ఫలితాన్ని మామూలు పాఠ్యంగా పంపుతుంది. గేట్‌వేకు అది కూడా పాఠ్యమే కాబట్టి నిక్షేపంగా దాటిస్తుంది, చదవలేదు. రెండు చివరలా ఓటీఆర్ ఉండాలి. లేనివారికి ప్రశ్నార్థకంతో మొదలయ్యే అర్థంకాని అక్షరాల బారు కనిపిస్తుంది.

నేటి నెట్‌వర్కులలో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ముందే ఉంది. వాట్సాప్ 2016 ఏప్రిల్‌లో దాన్ని అందరికీ అమలు చేసింది. బ్రిడ్జి పని చేయాలంటే ఆ సందేశాన్ని విప్పి, మేట్రిక్స్ కోసం మళ్లీ మూసివేయాలి. మధ్యలో ఒక క్షణం అది విప్పి ఉంటుంది. బ్రిడ్జి నడిచే యంత్రం ఎవరిదైతే వారు చదవగలరు. సొంత సర్వరులో నడుపుకునేవారికి ఇది సమస్య కాదు. బీపర్ 2025 జులైలో మార్పిడిని తన సర్వర్ల నుంచి వినియోగదారుల పరికరాలలోకే తరలించింది; అంటే పాతికేళ్ల కిందటి పిడ్జిన్ పద్ధతికే తిరిగి వచ్చింది. అవతలి వ్యక్తి అంగీకారం మాత్రం ఏ పద్ధతిలోనూ తేలలేదు. తన మాటలు మూడో చోట నిల్వ అవుతున్నాయని వారికి తెలిసే మార్గం సాధారణంగా ఉండదు.

నెట్‌వర్క్ యజమానుల వైఖరి

టెలిగ్రామ్ ఇతరులు క్లయింట్లు రాసుకోవడానికి అనుమతిస్తుంది, అందుకు టీడీలిబ్ అనే లైబ్రరీనీ ఇస్తుంది. వాట్సాప్ నిబంధనలు అనధికార క్లయింట్లను నిషేధిస్తాయి; ఖాతా పోయే ప్రమాదం ఉంది. డిస్కార్డ్ అధికారిక బాట్‌లను ఒప్పుకుంటుంది గానీ మనిషి ఖాతాను ప్రోగ్రాముతో నడపడాన్ని ఒప్పుకోదు.

తెరిచిన తలుపులు మూసుకున్న సందర్భాలూ ఉన్నాయి. గూగుల్ 2013లో హ్యాంగౌట్స్‌కు మారుతూ ఫెడరేషన్‌ను పక్కన పెట్టింది. గూగుల్ టాక్‌తో మిగిలిన బంధం 2014 మే 19న చాలావరకు తెగింది: ఆ రోజు నుంచి చాలా ఎక్స్‌ఎంపీపీ సర్వర్లు తమ మధ్య ఎన్‌క్రిప్షన్‌ను తప్పనిసరి చేశాయి, గూగుల్ సర్వర్లలో ఆ ఏర్పాటు లేదు. ఫేస్‌బుక్ 2010లో తన చాట్‌కు ఎక్స్‌ఎంపీపీ ద్వారా లాగిన్ ఇచ్చి 2015లో తీసేసింది. మూసేది ఎప్పుడూ కంపెనీలే కావు. స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే లిబెరా.చాట్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్, స్థిరత్వ సమస్యల వల్ల మేట్రిక్స్ బ్రిడ్జిని 2023లో ఆపించింది.

భారతదేశంలో

బ్రాడ్‌బ్యాండ్ కన్నా ముందు జావా ఫోన్లు చేతికి వచ్చిన మన దేశంలో బహుళ నెట్‌వర్క్ చాట్ ఎక్కువమందికి పరిచయమైంది ఈబడ్డీ, నింబజ్‌ల ద్వారానే. యాహూ, గూగుల్ టాక్, ఫేస్‌బుక్ స్నేహితులంతా చిన్న తెర మీద ఒకే జాబితాలో కనిపించేవారు. నెదర్లాండ్స్‌లో పుట్టిన నింబజ్ తన కేంద్రాన్నే గుర్గావ్‌కు మార్చింది. స్మార్ట్‌ఫోన్లతో వాట్సాప్ వచ్చాక ఆ అవసరం చాలామందికి తగ్గింది. అందరూ ఒకేచోట ఉంటే గేట్‌వే ఎందుకు అన్నది సహజమైన ప్రశ్న.

ఫ్రీ సాఫ్ట్‌వేర్ కమ్యూనిటీ ఆఫ్ ఇండియా కార్యకర్తలు పోడరీ.కామ్ పేరిట మేట్రిక్స్, ఎక్స్‌ఎంపీపీ సేవలు నడిపారు. 2023 మేలో కేంద్ర ప్రభుత్వం జమ్మూకశ్మీర్‌లో ఉగ్రవాదులు వాడుతున్నారన్న కారణంతో 14 యాప్‌లను నిషేధించింది. అందులో మేట్రిక్స్ ప్రధాన క్లయింటు ఎలిమెంట్ కూడా ఉంది. 2025లో జోహో వారి అరట్టై యాప్ ఒక్కసారిగా ప్రచారంలోకి వచ్చినప్పుడు, సందేశ సేవలు కూడా యూపీఐ లాగా ఒకదానితో ఒకటి కలిసి పనిచేయాలని సంస్థ వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు అన్నారు. ఉమ్మడి ప్రమాణాల కోసం ఐస్పిరిట్ అనే సంస్థతో చర్చలు మొదలుపెట్టినట్టు చెప్పారు.

చట్టం, ప్రమాణాలు

నెట్‌వర్కులను కలపమని ప్రభుత్వం చెప్పడం కొత్త కాదు. 2001 జనవరిలో ఏఓఎల్, టైమ్ వార్నర్ విలీనానికి అనుమతిస్తూ అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ ఒక షరతు పెట్టింది: ఇతర నెట్‌వర్కులతో కలవనిదే వీడియో వంటి ఆధునిక మెసేజింగ్ సేవలు టైమ్ వార్నర్ కేబుల్ మీద ఇవ్వరాదు. 2003 ఆగస్టులో ఆ షరతును ఎత్తేశారు.

ఐరోపా సమాఖ్య డిజిటల్ మార్కెట్ల చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. దాని 7వ అధికరణం ప్రకారం గేట్‌కీపర్లుగా గుర్తించిన సంస్థలు, ఇతర సేవలు కోరితే తమ సందేశ నెట్‌వర్కును వాటితో కలపాలి. ఎన్‌క్రిప్షన్ స్థాయి తగ్గకూడదు. 2023 సెప్టెంబరు 6న వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్‌లను ఈ జాబితాలో చేర్చారు. ఐమెసేజ్‌ను పరిశీలించి 2024 ఫిబ్రవరిలో మినహాయించారు. సాంకేతిక ప్రమాణాల వైపు ఎంఎల్ఎస్ అనే గ్రూపు ఎన్‌క్రిప్షన్ పద్ధతి 2023 జులైలో ఆర్ఎఫ్‌సీ 9420గా వచ్చింది. దాని ఆధారంగా నెట్‌వర్కుల అనుసంధానానికి మిమీ అనే కార్యబృందం పనిచేస్తోంది.

2025 నవంబరులో వాట్సాప్ ఐరోపాలో తొలి రెండు సేవలకు దారి ఇవ్వనున్నట్టు ప్రకటించింది: బర్డీచాట్, హైకెట్. వినియోగదారుడు సెట్టింగులలో స్వయంగా ఒప్పుకోవాలి. సదుపాయం ఆండ్రాయిడ్, ఐఫోన్లకే, కంప్యూటరులో నడిచే వాట్సాప్‌కు లేదు. ఇది గేట్‌వే కాదు, యజమాని అనుమతితో వచ్చిన ఫెడరేషన్ తరహా ఏర్పాటు. ఇద్దరి మధ్య పాఠ్యం, చిత్రాలు, ఫైళ్లతో మొదలై, గ్రూపు సందేశాలకు రెండేళ్లు, వాయిస్, వీడియో కాల్స్‌కు నాలుగేళ్లు అని చట్టం గడువు పెట్టింది. గుర్తింపు నాటి నుంచి లెక్కిస్తే ఆ చివరి గడువు 2027 సెప్టెంబరు.